మాచికాయ చెట్టు: ప్రయోజనమునకు ఆశ్రయమేది?



ఈ ఉపన్యాసము డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృతికి అంకితమైనది. 1895లో భీమవరమున జనించి, మదరాసులో వైద్యవిద్య నభ్యసించి, అచ్చటి ఆయుర్వేద కళాశాలలో కొంతకాలము బోధించి, పిమ్మట సముద్రములు దాటి బోస్టనునకేగి, 1948లో అమెరికాలోనే తనువు చాలించువరకు ప్రయోగశాలయే గృహముగా, పరిశోధనయే సంసారముగా జీవించిన ఆ మహనీయుని గుణగణములను సమగ్రముగ వర్ణించుటకు ఈ సాయంకాలము చాలదు. ఆయన సాధించిన ఘనకార్యములలో ఒక్కదానిని మాత్రము నేటి ప్రసంగమునకు ద్వారముగా గైకొందును.

ఆచార్య ఫిస్కెతో కూడి ఆయన 1925లో ప్రకటించిన భాస్వర నిర్ణయ పద్ధతిని ఈ సభలోని రసాయనశాస్త్ర విద్యార్థు లెల్లరు నెరుగుదురు. రక్తమునందున్న ఫాస్ఫేటు కంటికి గానరానిది. దానికి ఆమ్లద్రావణమున మాలిబ్డేటును చేర్చి, ఆపై తగిన క్షయకరణ ద్రవ్యమును కలిపినచో నీలవర్ణము పొడసూపును; ఆ నీలిమ ఎంత గాఢమైనదో భాస్వరమును అంతగానే ఉన్నదని లెక్కింపవచ్చును. ఈ నీలిమ ఫాస్ఫేటునందు దాగియున్నది కాదు, మాలిబ్డేటునందు దాగియున్నదియు గాదు. అవి కూడినచోట, కూడినప్పుడు మాత్రమే కలుగునది.

ఒక వస్తువుయొక్క ప్రయోజనము ఆ వస్తువునందే నిక్షిప్తమై యుండుననియు, మనము చేయవలసినదెల్ల దానిని వెలికి దీయుటయే యనియు మనలో పెక్కుమంది తలంతురు. ఈ తలంపు అసంపూర్ణమనియు, ప్రయోజనము అనేకముల పరస్పర సంబంధమునుండి పుట్టి, ఆ సంబంధము చెడినంతనే తానును చెడుననియు నిరూపించుట నేటి నా ప్రతిజ్ఞ. దానికి దృష్టాంతముగా, మధ్యధరాసముద్రపు తూర్పుదిక్కున పెరుగు ఒక పొట్టి ఓక్ వృక్షమును మీ ముందుంచుచున్నాను. అంత దూరపు చెట్టు మనకేల యని మీరడుగవచ్చును. దాని సంబంధమైన వస్తువొకటి మీ వీథి చివరి పచారీకొట్టులో, కరక్కాయ, జాజికాయల సరసన, మాచికాయ యను పేర తరతరములుగా అమ్ముడుపోవుచున్నది గనుక ఈ పరిచయము మనకు కొత్తది గాదు.

1

మొదట చెట్టును చూతము. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని క్వెర్కస్ ఇన్ఫెక్టోరియా యని పిలుతురు. గ్రీసు, ఈజియను ద్వీపములు, సైప్రసు, టర్కీ, సిరియా, లెబనాను దేశములందును, అచ్చటినుండి తూర్పుగా ఉత్తర ఇరాకు, ఇరాను దేశపు జాగ్రోసు పర్వతములవరకును, ఎండకును రాతినేలకును ఓర్చి ఇది పెరుగును. దీనికి ఈ శాస్త్రీయనామము నిడినవాడు ఒలివియే యను ఫ్రెంచి ప్రకృతిశాస్త్రజ్ఞుడు. ఫ్రాన్సులో రాజ్యవిప్లవము మిన్నుముట్టుచున్న 1792లో బ్రూగియేర్ అను సహచరునితో గూడి అతడు తురుష్క సామ్రాజ్యమునకు బయలుదేరి, ఈజిప్టు, పారశీక దేశములను చూచి, ఆరేండ్లకు స్వదేశాభిముఖుడయ్యెను. తిరుగుప్రయాణములో ఇటలీ తీరమున సహచరుడు మరణించెను. ఒలివియే ఒక్కడే ఇల్లుచేరి, తన యాత్రావిశేషములను గ్రంథస్థము చేయుచు 1801లో ఈ వృక్షమును లోకమునకు పరిచయము చేసెను.

ఒలివియే చూచినది, వంకర కాండముతో, ఇంచుమించు మనిషి యెత్తున, పొదవలె గుబురుకొన్న చెట్టు. సైప్రసులోని దీని ఉపజాతి మాత్రము పెద్ద వృక్షముగనే పెరుగును. ఆకుల యంచులు పళ్ళుపళ్ళుగా నుండును. వంటచెరకునకును పనిముట్ల పిడులకును ఇట్టి కఱ్ఱ పనికివచ్చుగాని, ఇంతటి పొట్టి కొమ్మలతో ఓడలు కట్టరాదు. ఓక్ గింజలు మేకలకు మేత. కరవు కాలమున మనుష్యులకును ఆహారము. జాగ్రోసు కొండలలోని లూరు, బక్తియారీ జనులు ఓక్ గింజలను నీట నాన్చి వగరు పోగొట్టి, పిండిగొట్టి రొట్టె చేసికొను ఆచారము కలదు. అందులకు ఎక్కువగా వాడునది దీని దాయాదియైన మరియొక ఓక్ గింజ.

కలపను బట్టిగాని, గింజను బట్టిగాని ఈ చెట్టు దేశాంతరములలో ప్రసిద్ధికెక్కలేదు. అలెప్పో, మోసులు, స్మిర్నా నగరముల వర్తకులు బస్తాలకెత్తి యూరపునకును, పారశీక సింధుశాఖ మీదుగా బొంబాయికిని పంపినది వేరొకటి. గోళీకాయంత గుండ్రముగా, బొడిపెలతో, రాతివలె గట్టిగా, నాలుకకు మిక్కిలి వగరుగా నుండు ఆ వస్తువు ఫలము కాదు. పగులగొట్టి చూచిన లోపల విత్తనముండదు. అట్లయిన అది యేమి?

2

ఒక సూక్ష్మమైన కందిరీగ ఈ చెట్టు మొగ్గలో గ్రుడ్డు పెట్టును. ఆ కీటకమును గూడ శాస్త్రలోకమునకు తెలిపినవాడు ఒలివియేయే. గ్రుడ్డు పగిలి పురుగు పుట్టగా, దాని స్రావముల ప్రేరణచే మొగ్గ తన సహజమార్గమును విడిచి, ఆకుగానో రెమ్మగానో కావలసిన కణజాలమును పురుగుచుట్టును ఒక గోళముగా పెంచును. ఆ గోళమే మాచికాయ. లోపలిపొర పురుగునకు ఆహారము; పిండిపదార్థమును మాంసకృత్తులును అందు సమృద్ధిగా నుండును. వెలుపలి భాగము దానికి కోట. అందు టానిన్ అనబడు కషాయద్రవ్యము రాశిపడును. బూజునుండియు ఇతర శత్రువులనుండియు లోపలి జీవిని ఈ టానిన్ కాపాడునని శాస్త్రజ్ఞులు పలువురు తలచుచున్నారు. ఎండిన మంచి మాచికాయ తూకములో సగమునకు మించి, కొన్నింట నూటికి డెబ్బదివంతులవరకు టానినే యని పరీక్షలవలన తేలినది.

శ్రోతలారా, ఇచ్చట ఒక్క క్షణము నిలువుడు. చెట్టు బెరడులో టానిన్ లేకపోలేదు. ఆకులోను కొంత కలదు. కాని ఇంత రాశి చెట్టు తనంతట కూర్చినది గాదు. పురుగు తెచ్చినదియు గాదు, పురుగు దేహములో టానిన్ లేదు. ఇద్దరు కలసిరి, అందొకరికి అది గాయము, మరియొకరికి ఆవాసము, ఆ కలయికయందు ఇరువురిలోను ఇంత రాశిగా లేని వస్తువొకటి పుట్టినది.

ఈ విషయము విద్వాంసులకు సులభముగా బోధపడలేదు. కుళ్ళిన మాంసమున పురుగులు తమంతట పుట్టవని, ఈగలు పెట్టిన గ్రుడ్లనుండియే పుట్టునని 1668లో ప్రయోగపూర్వకముగ నిరూపించిన ఇటలీ దేశపు ఫ్రాంచెస్కో రెడీయే, ఓక్ చెట్టున ఇట్లేర్పడు గడ్డలలోని పురుగులను గూర్చి మాత్రము, చెట్టుయొక్క జీవశక్తియే వానిని కనుచున్నదని నమ్మెను. పదునొకండేండ్లకు, 1679లో, అదే దేశమువాడైన మాల్పీగీ, కీటకము మొగ్గలో గ్రుడ్డిడుటను గమనించి, గడ్డలకు కారణము అదియేయని చూపెను. రెడీవంటి సునిశితబుద్ధి తడబడుటకు కారణమేమన, అతడు కారణమును ఒక్క చెట్టునందే వెదకెను. కారణము ఇరువురిమధ్య నుండెను.

3

చెట్టును కీటకమును కూడినంతమాత్రమున మాచికాయ అంగడికి రాదు. మూడవవాడు కావలెను, వాడు ఏరుకొను మనిషి. అతనికి తెలియవలసినది ముఖ్యముగ ఒక్కటి: ఎప్పుడు కోయవలెను?

లోపలి పురుగు రెక్కలు వచ్చి గోడకు రంధ్రము చేసికొని యెగిరిపోకముందే కోసిన కాయలు బరువుగా, నీలముగానో పచ్చగానో నలుపుగానో యుండి, నీట మునుగును. ఇవి ఉత్తమములు. పురుగు వెడలిపోయిన పిమ్మట కోసినవి తేలికయై, రంగు వెలిసి, ప్రక్కన సన్నని రంధ్రముతో నుండును. వానియందు టానిన్ తక్కువ. వర్తకులు వీనిని తెల్లకాయలని వేరుచేసి చౌకగా అమ్ముదురు. అదే చెట్టు, అదే కీటకము, అదే కొమ్మ. కొలదివారముల యెడము మాత్రమే భేదము. కనుక కాలము గూడ ఈ సంబంధమున ఒక భాగస్వామి యని గ్రహింపవలెను.

కొండజాతుల గ్రామీణులు మాల్పీగీ గ్రంథమును చదివినవారు కారు. అయినను పురుగు వెడలకముందు కోయవలెనను నియమమును, కాయను చేతబట్టి బరువును చూచి మేలుకీడులు నిర్ణయించు విద్యను వారు తండ్రులవలన నేర్చిరి. కారణము తెలియకయే కార్యమును సాధించిన అనుభవజ్ఞానమునకు ఇంతకంటె చక్కని నిదర్శనము చూపుట కష్టము. మన ఊళ్ళలోని మూలికలవాండ్రును ఫలానా వేరు ఫలానా కార్తెలోనే త్రవ్వవలెననుట మీలో పలువురు విన్నదే. అట్టి నియమములలో కొన్ని మూఢవిశ్వాసములు కావచ్చును, కొన్ని మాచికాయ నియమమువలె పరీక్షకు నిలుచునవి కావచ్చును. పరీక్షింపకయే త్రోసిపుచ్చుట మాత్రము శాస్త్రము కాజాలదు.

4

ఇప్పుడు టానిన్ చేతికి వచ్చినది. దీని ప్రసిద్ధి చాలవరకు ఇనుముతో కూడికవలన కలిగినది.

మాచికాయలను నలుగగొట్టి నీట నాన్చి వడియగట్టినచో లేత గోధుమవన్నె కషాయము వచ్చును. అన్నభేది, అనగా ఇనుముయొక్క గంధకిత లవణము, నీట కరగించిన లేతపచ్చని ద్రావణమగును. రెంటిని కలిపి, తుమ్మజిగురు చేర్చి, కలముతో వ్రాసినచో అక్షరము మొదట పాలిపోయినట్లుండి, గాలిసోకినకొలది నల్లబడి, కొన్నిదినములకు కాటుకవలె స్థిరపడును. గాలిలోని ప్రాణవాయువు ఇనుమును ఉన్నతస్థితికి తేగా, అది టానిన్ నుండి పుట్టిన గాలిక్ ఆమ్లముతో పెనవేసికొని కాగితపు పోగులలో నీట కరుగని నల్లని పదార్థముగా నిలిచిపోవును. అక్షరము తొలుత పాలిపోయి యుండుట వ్రాయువానికి చిక్కుగనుక, 19వ శతాబ్దపు సిరా వ్యాపారులు కొంచెము నీలిమందు కలిపి, అప్పటికప్పుడు కనబడునట్లు చేసిరి.

బొగ్గుమసితో చేసిన సిరా పత్రముమీద కూర్చుండును. తడిగుడ్డతో తుడిచిన పోవచ్చును. ఈ సిరా పత్రములోనికి దిగును, తుడిచివేయుట దుస్సాధ్యము. కావుననే శాసనములకు, దానపత్రములకు, జననమరణ పట్టికలకు యూరపు దేశములవారు దీనినే శతాబ్దులతరబడి విశ్వసించిరి. క్రీస్తుశకము 4వ శతాబ్దికి చెందిన సినాయి బైబిలు ప్రతి ఈ జాతి సిరాతోనే చర్మపత్రములమీద వ్రాయబడినది. ట్యునీసియా ప్రాంతమునేలిన ఇబ్ను బాదీసు పేర వెలసిన 11వ శతాబ్దపు అరబ్బీ లేఖనగ్రంథమున మాచికాయ సిరాల పాకములు పెక్కులు కలవు. 1763లో విలియం లూయీసు అను ఆంగ్లేయ రసాయనజ్ఞుడు పాళ్ళు మార్చిమార్చి ప్రయోగములు చేసి, మాచికాయ మూడుపాళ్ళు, అన్నభేది ఒకపాలు మేలని నిర్ణయించెను. ఆ నిష్పత్తిని జ్ఞాపకముంచుకొనుడు. దానితో మరల పనిగలదు.

అద్దకమునను ఇదే న్యాయము. 1548లో వెనిసులో అచ్చయిన రొసెత్తి యద్దకపు గ్రంథమున నల్లరంగునకు మాచికాయ ముఖ్యద్రవ్యము. మంజిష్ఠజాతి వేరుతో తురుష్కులద్దిన ప్రసిద్ధమైన ఎఱ్ఱరంగునకు సైతము నూనె, పటికలతోపాటు మాచికాయ కషాయము కావలసియుండెను.

ఈ మాట వినుచుండగా మచిలీపట్నము, శ్రీకాళహస్తి ప్రాంతములవారికి కలంకారీ తలపునకు వచ్చియే యుండును. అచ్చటి కళాకారుడు నూలుబట్టను కరక్కాయ కషాయమును పాలును కలిపిన నీట ముంచి ఆరబెట్టి, బెల్లపునీట తుప్పుబట్టిన ఇనుపముక్కలను పులియవేసి తీసిన ద్రవముతో గీత గీయును. బట్టమీది టానిన్ తో ఇనుము కలియగనే గీత నల్లనగును. చెట్టు వేరు, దేశము వేరు, భాష వేరు, సంబంధమొక్కటే. తెలుగుదేశమున నివసించి తెలుగు నేర్చిన ఫ్రెంచి మతాచార్యుడు కేర్దూ, 1742లో స్వదేశమునకు వ్రాసిన లేఖలో మన తీరపు అద్దకమును కరక్కాయతోసహా వర్ణించి పంపెను. మాచికాయ వాడుకకు అలవడిన ఫ్రెంచివారికి కరక్కాయ చేయుపని బోధపరచుట ఆయనకు కష్టమై యుండదు.

5

సంబంధమువలన ప్రయోజనము పుట్టునంటిని. అదే సంబంధము మితి తప్పినచో అనర్థమును పుట్టించును. లూయీసు చెప్పిన పాళ్ళను పాటింపక అన్నభేదిని ఎక్కువగా కలిపిన సిరాలో, టానిన్ తో కలియక మిగిలిన ఇనుము కాగితమునందే యుండిపోయి, అందలి తంతువులను క్రమక్రమముగ దహించును. సిరాతో పుట్టిన గంధకామ్లము దానికి తోడగును. కొన్ని వందల యేండ్లకు అక్షరమున్నచోట కాగితము చిల్లిపడి, అక్షరమే రాలిపోవును. బెర్లిను గ్రంథాలయమున భద్రపరచబడిన బాఖ్ అను సంగీతకారుని స్వహస్త ప్రతులు ఈ వ్యాధికి గురియై, వానిని కాపాడుటకు నిపుణులు ఎంతో శ్రమింపవలసివచ్చినది. సున్నపునీట నానిన చర్మపత్రమునందు క్షారము మిగిలియుండుటచే అది ఈ సిరాకు ఎక్కువకాలము తాళును, కాగితము తాళదు.

దీనికి చికిత్సయు సంబంధమునుండియే దొరికినది. 1990ల దశకమున నెదర్లాండ్సు పరిశోధకులు, ధాన్యపు తవుడులో విరివిగ దొరకు ఫైటిక్ ఆమ్లముయొక్క సున్నపు లవణముతో కాగితమును తడిపినచో, ఒంటరిగా తిరుగు ఇనుమును అది పట్టి బంధించుననియు, ఆపై క్షారద్రవమున ముంచి ఆమ్లము నణచవచ్చుననియు కనుగొనిరి. జతగూడని ఇనుమువలన కలిగిన చేటు, దానికి వేరొక జతను కూర్చుటచే శమించినది. ఫైటిక్ ఆమ్లము భాస్వరసంబంధి యను ముచ్చటను సుబ్బారావుగారి శిష్యపరంపరకు వేరుగ చెప్పనక్కరలేదు.

6

ఇక దేహము. టానిన్ మాంసకృత్తులను పట్టి గట్టిపరచును. పచ్చితోలు టానిన్ లో నానిన కుళ్ళని తోలగును. నాలుకమీద లాలాజలమును పట్టినపుడు మనకు వగరనిపించును. ఈ రెండును ఒకే క్రియకు రెండు రూపములు. హిప్పోక్రాటీసు కాలమునుండి గ్రీకువైద్యులును, పిదప యునానీ హకీములును, మన వైద్యులును మాచికాయను స్తంభనద్రవ్యముగా వాడిరి. పళ్ళపొడులలో అది నేటికిని కలదు. మలయాదేశమున బాలింతల మందులలోను కలదు. వీని గుణదోషములను ఒక్కొక్కటిగ నిర్ణయించుట వైద్యుల పని, నేనందు ప్రవేశింపను.

ఒక్క చరిత్రను మాత్రము చెప్పి ముందుకు సాగెదను. 1925లో అమెరికాలో డేవిడ్సను అను శస్త్రవైద్యుడు, కాలిన గాయములమీద టానికామ్లమును పూసినచో పైన గట్టి పొర యేర్పడి రోగికి మేలగుచున్నదని ప్రకటింపగా, ఆ చికిత్స దేశదేశముల వ్యాపించెను. 1940ల ఆరంభమున, గాయమునుండి లోనికి పోయిన టానికామ్లము కాలేయమును చెరచుచున్నదని తెలియవచ్చుటతో వైద్యులు దానిని మానివేసిరి. చెడని చర్మముతో ఒక సంబంధము. కాలిన చర్మము గుండ రక్తముతో మరియొక సంబంధము. ద్రవ్యము మంచిదా చెడ్డదా యని అడుగువానికి, దేనితో, ఎంత, ఏ ద్వారమున అని మనము తిరిగి యడుగవలెను.

7

తుదకు అడవియొద్దకు పోదము. జాగ్రోసు పర్వతముల ఉత్తరభాగమున కుర్దులు పశుగ్రాసమునకై ఈ ఓక్ కొమ్మలను, దాని సహచరములైన ఇతర ఓక్ ల కొమ్మలతోపాటు నరుకుదురు. ఒక్కొక్క కుటుంబము తన వాటా యడవిని మూడుభాగములు చేసికొని, ఏటికొక భాగమున మాత్రము కొమ్మలు కొట్టి, ఆకురెమ్మలను ఎండబెట్టి మోపులుగా కూర్చి, మంచు కురియు నెలలలో మేకలకు వేయును; కొట్టిన భాగము మూడేండ్లకు మరల చిగిర్చి సిద్ధమగును. 1963లో ఇరాను ప్రభుత్వము అడవులను జాతీయము చేసినను, ఈ కుటుంబముల ఎల్లలు ఆచారమున చాలచోట్ల నిలిచియే యున్నవి. ఇది దోషరహితమని నేననను. మ్రోడులు చిగిర్చుచున్నను, నేలమీద మొలచిన చిన్నమొక్కలు మేకల నోటబడి, క్రొత్తచెట్ల సంఖ్య తగ్గుచున్నది. చెట్టుతో మనిషికిగల సంబంధమును పాటించి, మొలకతో మేకకుగల సంబంధమును మరచినందున వచ్చిన లోపమిది.

ఈ దృష్టాంతములన్నిట మనము చూచినది సంబంధమునే. మన దేశపు తార్కికులు దానికి ఎంత గౌరవమిచ్చిరో చూడుడు. తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహమున ఏడు పదార్థములను లెక్కించునపుడు, సంయోగమును గుణములలో చేర్చి, సమవాయమును ద్రవ్యగుణాదులతో సమానముగా ఒక పదార్థమనియే నిలిపెను. సంబంధమును వస్తువులనడుమ శూన్యముగా తలపక, దానిని తత్త్వముగ గణించిన దృష్టి అది. ఆ దృష్టిని మూలికలపట్టికలకు అన్వయింపుడని మాత్రమే నేను కోరుచున్నాను.

మన మూలికల గ్రంథములలో చెట్టు పేరు, ఆకు, వేరు, గుణము అను శీర్షికలు కలవు. అవి చాలవు. లక్కను చూడుడు: మోదుగ, రేగు చెట్లమీది కీటకమువలన పుట్టునది యగుటచే, చెట్టును మాత్రము కాపాడి కీటకమును మరచిన లక్క లభింపదు. కావున తూర్పుకనుమలలో మూలికలను పరిశీలింపబోవువారు, ప్రతి మూలికకును దానిపై నాధారపడు కీటకమేది, కోయు ఋతువేది, కోయువారెవరు, ఏ ద్రవ్యముతో కలిపి ఏ పాళ్ళలో వాడుదురు అను నాలుగు ప్రశ్నలను గూడ వ్రాసికొని, కొండవారి నోట విన్న సమాధానములను ప్రయోగశాలలో పరీక్షింపవలెను. ఇందులకు గొప్ప ధనసహాయమక్కరలేదు. ఓర్పును, అడిగి తెలిసికొను వినయమును చాలును. ఈ సభలోనున్న విద్యార్థులు వచ్చు సెలవులలోనే దానికి పూనుకొనవచ్చును.